ఎడమ పాదం చల్లబడిన ఏడాది

పొద్దున లేవగానే కొందరు దేవుడి పటం చూస్తారు, కొందరు అరచేతులు చూసుకుంటారు. నేను నా ఎడమ పాదం చూసుకుంటాను. దుప్పటి పక్కకు తీసి, వేళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూసి, చెయ్యి ఆనించి, వెచ్చగా ఉందని తెలిశాకే మంచం దిగుతాను. మా ఆయన దీనికి పాదపూజ అని పేరు పెట్టాడు. పెట్టుకోనీ. కాలు ఆయనది కాదు కదా.

మాది తమిళనాడులో, వేలూరు పక్కన గుడియాత్తం. ఎన్ని తరాల కిందట తెలుగు నేల వదిలి ఇక్కడికి వచ్చామో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, కోపం వస్తే రెండూ. మా అమ్మకు తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. నాకు వచ్చిందంటే చిన్నప్పుడు మా వీధి బళ్ళో తెలుగు చెప్పిన ఒక పంతులమ్మ బెత్తం చలవే. ఆ చదువు అయిదో తరగతితో ఆగింది. తర్వాత నన్ను మగ్గం మీద కూర్చోబెట్టారు.

ఇంట్లో రెండు గుంట మగ్గాలు ఉన్నాయి. ఒకటి మా ఆయనది, ఒకటి నాది. లుంగీలు నేస్తాం. నేలలో తవ్విన గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న తొక్కుడు పలకలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ నేయాలి. కాలు తొక్కితే పడుగు దారాలు పైకీ కిందికీ విడిపోతాయి, ఆ సందులోంచి పేకదారం మోసుకుంటూ నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. చూడడానికి వచ్చినవాళ్ళు మా చేతులను మెచ్చుకుంటారు. గుంటలో ఉన్న కాళ్ళను ఎవరూ చూడరు. కాలు ఆగితే మగ్గం ఆగిపోతుంది.

రెండేళ్ళ కిందట, తమిళుల ఆడి నెలలో, ఒక తెల్లవారి గుంటలోకి దిగుతుంటే కాలు జారింది. ఎడమ పాదం రెండు పలకల మధ్య ఇరుక్కుని మెలి తిరిగింది. చీలమండ బన్నులా ఉబ్బింది. ఊళ్ళో ఎక్స్‌రే తీస్తే, ఎముకలో వెంట్రుకంత చీలిక అన్నారు. మా వాళ్ళు ఎముక విరిగితే నాటుకట్టుకే పోతారు. పక్క ఊళ్ళో కట్టు కట్టే పెద్దాయన కోడిగుడ్డు సొన, మినప్పిండి, ఏవో ఆకుల పసరు కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు.

"మూడు వారాలు. ఆమీట నువ్వే విప్పేసి, మెల్లమెల్లగా కాలు కింద పెట్టి నడువమ్మా" అన్నాడు.

ఆయన చెప్పింది అంతే. తర్వాత జరిగినదంతా నా స్వంత తెలివి.

నాకు ఏడేళ్ళప్పుడు నాయన మగ్గం దగ్గర నేర్పిన మొదటి పాఠం తెగిన పోగును అతకడం. తెగిన చోట రెండు కొసలూ తెచ్చి, గంజి తడి చేసి, వేళ్ళతో మెలేసి, గట్టిగా బిగించాలి. అది ఆరేదాకా దాని మీద బరువు వెయ్యకూడదు, లాగకూడదు, అసలు కదపకూడదు. అతికిన పోగును తొందరపడి లాగితే పక్కనున్న నాలుగు పోగులను కూడా తెంపుకుంటుంది. నేత పుట్టుక పుట్టినవాళ్ళకు ఇది ఒంట్లోనే ఉంటుంది. ఎవరికైనా చెయ్యి బెణికినా మా వీధిలో ముందు వచ్చే మాట "బిగించి కట్టు, కదిలియ్యొద్దు" అనే.

మూడు వారాలయ్యాక కట్టు విప్పాను. కాలు సన్నబడి, పాలిపోయి ఉంది. చూస్తే జాలేసింది. మెల్లగా నేల మీద పెట్టాను, నొప్పి చురుక్కుమంది. ఇంకా ఆరలేదు అనుకున్నాను. లుంగీ అంచు నుంచి చించిన పొడవాటి పట్టీ తీసుకుని వేళ్ళ నుంచి పిక్కదాకా బిగించి చుట్టాను. రోజూ పొద్దున విప్పడం, గోరువెచ్చని గంజిలో కాసేపు పెట్టడం, మళ్ళీ ముందు రోజుకంటే కొంచెం గట్టిగా చుట్టడం. ఆ కాలు నేలకు తగలనివ్వలేదు. ఒంటి కాలి మీద గెంతుతూ, గోడ పట్టుకుంటూ రెండు నెలలు తిరిగాను. చూసినవాళ్ళందరూ ఎంత ఓర్పు ఈమెకు అని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే నాకు బలం వస్తుంది. ఇంకా బిగించాను.

నొప్పి తగ్గాల్సింది పోయి మారింది. మొదట్లో ఎముక దగ్గర ఉండే మొద్దు నొప్పి పోయి, పాదమంతా లోపల మిరపకాయ నూరి పూసినట్టు మంట మొదలైంది. ఫ్యాను గాలి తగిలితే చాలు, పళ్ళు బిగుసుకునేవి. చీర కుచ్చిళ్ళు పాదానికి రాసుకుంటే గావుకేక పెట్టాలనిపించేది. విచిత్రమేమిటంటే లోపల అంత మండుతుంటే పైన చెయ్యి పెడితే చల్లగా ఉండేది, కుండలో నీళ్ళు ముట్టుకున్నట్టు.

ఒకరోజు స్నానానికి పోయి పట్టీ విప్పి, రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూశాను. కుడిది నాదే. ఎడమది ఇంకెవరిదో. నేరేడు పండు తిన్న నాలుక రంగులో ఉంది. చర్మం సాగదీసినట్టు నిగనిగలాడుతోంది, వేళ్ళ మధ్య చెమట. గోళ్ళు వంకర పోతున్నాయి. గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. నీళ్ళు చల్లారిపోయాయి. ఆ రంగు నేను ఇంతకుముందు చూశాను. ఆ రంగు తర్వాత ఏ రంగు వస్తుందో కూడా నాకు తెలుసు.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా నాయన కాలు తీసేశారు.

ఆయనకు చక్కెర జబ్బు ఉండేది, దాని మీద బీడీలు. మగ్గం మీద కూర్చుంటే పెదాల మధ్య బీడీ ఆరేది కాదు. మొదట బొటనవేలు నీలంగా మారింది, తర్వాత నల్లబడింది. నాయన దానికి ఒక పేలిక చుట్టుకుని నేస్తూనే ఉన్నాడు. అబ్బా అని ఒక్క మాట అనలేదు. ఆ వాసన ఇల్లంతా వచ్చినప్పుడు కూడా ఆయన ముఖంలో నొప్పి కనబడలేదు. మా నాయనంత ఓర్పుగల మనిషి గుడియాత్తంలో లేడని నేను వీధిలో అందరికీ చెప్పుకునేదాన్ని.

వేలూరు ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. తీసేసిన కాలును తెల్ల బట్టలో చుట్టి మా చిన్నాయన చేతికిచ్చారు. ఒంట్లో భాగం ఎక్కడో దిక్కులేకుండా పోకూడదని, స్వంత ఊరి మట్టిలో పెట్టాలని మా వాళ్ళ పట్టింపు. అమ్మ ఆసుపత్రిలో నాయన దగ్గర ఉండిపోయింది. నన్ను చిన్నాయనతో ఇంటికి పంపారు. ఆ కాలు ఒక గుడ్డ సంచిలో, చిన్నాయన ఒళ్ళో ఉంది. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఆ సంచి వచ్చి నా మోకాలికి తగిలేది. కిటికీ వైపుకు ఎంత జరిగినా తగిలేది. కౌండిన్య ఏటి గట్టున గుంట తీసి, చిటికెడు పసుపు వేసి పూడ్చారు.

అమ్మకు ఆ తర్వాత చాలా ఏళ్ళు ఒకటే బాధ. కాలు పోయినందుకు కాదు, దాన్ని చుట్టిన బట్ట గురించి. "ఇంటినిండా బట్ట నేసే వాళ్ళం. మీ నాయన కాలు ఎవురిదో ఆసుపత్రి గుడ్డలో మట్టిలోకి పోయింది. ఇంటి బట్ట కూడా అమరలా" అనేది. నాయన మళ్ళీ గుంటలోకి దిగలేదు. తొమ్మిదేళ్ళు, తను నేసిన మగ్గం ఎదురుగానే కూర్చుని, రాట్నం మీద కండెలు చుట్టాడు. ఇంకొకరు నేస్తుంటే ఆయన కళ్ళు గుంటలోకే చూస్తూ ఉండేవి.

అందుకే నేను ఎవరికీ చెప్పలేదు. పట్టీ పైన మా అమ్మాయి బడి సాక్సులు రెండు ఒకదాని మీద ఒకటి తొడుక్కున్నాను. తొడుక్కోవడానికి అరగంట పట్టేది, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చేదాన్ని. మా ఆయన అడిగితే "బాగైపోతా ఉండాది, ఇంగో వారం" అనేదాన్ని. ఆ వారం ఎన్నిసార్లు వచ్చిపోయిందో. కరోనా నాడు కొన్న, వేలికి తగిలించి ప్రాణవాయువు చూసే చిన్న మిషను అలమారలో పడి ఉంటే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీశాను. చేతి వేలికి పెడితే అంకె చూపించింది. ఎడమ కాలి బొటనవేలికి పెట్టాను. అంకె రాలేదు. రెండు గీతలు మాత్రం వెలిగి ఆరుతూ ఉన్నాయి. బ్యాటరీ అయిపోయిందేమో అని మళ్ళీ చేతికి పెట్టాను, అంకె వచ్చింది. కాలికి పెట్టాను, గీతలు. మిషను అలమారలో పెట్టి తలుపు మూసేశాను.

మా అమ్మ రెండు వీధుల అవతల మా అన్న ఇంట్లో ఉంటుంది. కారబూంది డబ్బా పట్టుకుని ఒకరోజు మధ్యాహ్నం వచ్చింది. వచ్చి కూర్చుంది, నా ముఖం చూసింది, తర్వాత నా కాలు చూసింది.

"ఈ ఎండలో ఆ సాక్సులేంది?"

"చలిగా ఉండాదమ్మా."

"చలి నీకా, కాలికా? తియ్యి."

"తియ్యను."

"మే, తియ్యమంటా ఉండా."

మా అమ్మ గొంతు పెంచకుండా అన్నదంటే ఇక తప్పదు. సాక్సులూ, కింది పట్టీ కూడా తీశాను. అమ్మ చెయ్యి వెనక భాగంతో పాదం మీద ముట్టుకుంది. నేను అరిచిన అరుపుకు అవతల మగ్గం మీద మా ఆయన నాడె వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. అమ్మ పెరట్లోకి పోయి చేతులు ఒకసారి కడుక్కుంది, కాసేపు నిలబడి మళ్ళీ కడుక్కుంది. నాయన కాలికి కట్టు మార్చిన రోజుల్లో ఆమె చేతులు అలాగే కడుక్కునేది.

"రేపు వేలూరికి పోవల్ల" అంది మా ఆయనతో.

"నేను రాను" అన్నాను. "వేలూరికి కాలుతో పోతారు, సంచితో వస్తారు. నేను చూసినా గదా. నాకేమీ వద్దు. కాలు ఉండేన్ని దినాలు ఉండనీ."

"పోకుంటే నిలుస్తాదా?" అంది అమ్మ.

నేను సాక్సులు మళ్ళీ తొడుక్కోవడం మొదలుపెట్టాను.

మా ఆయన ఎప్పటిలాగే నవ్వించాలని చూశాడు. "రెండు కాళ్ళతో ఎత్తుకపోతా, రెండు కాళ్ళతోనే తెచ్చి దించుతా. ఒకటి తక్కువైతే మీయమ్మ నన్ను ఊరకనే ఇడుస్తాదా?" అన్నాడు. నా కాలు వైపు చూడకుండా బస్సు డబ్బులు లెక్కపెట్టుకున్నాడు. అది చూశాక నాకు ఇంకా భయమేసింది.

బస్సులో నేను కిటికీ పక్కన, అమ్మ నా పక్కన, మా ఆయన వెనక సీట్లో. పళ్ళికొండ దాటాం. విరించిపురం దగ్గర అమ్మ గుడి ఉన్న దిక్కుకు చేతులెత్తి మొక్కింది. మొక్కడానికి ఒళ్ళోని గుడ్డ సంచి పక్కకు పెట్టింది. సంచి మూతి తెరుచుకుంది. లోపల నీళ్ళ సీసా, నా పాత ఎక్స్‌రే, వాటి కింద మడతపెట్టిన తెల్ల పంచె ఒకటి.

నాయన పంచె అది. ఆయన పోయాక అమ్మ పెట్టెలో దాచుకున్నది. మా ఇంటి మగ్గం మీద నాయనే నేసుకున్నది. ఆసుపత్రికి పోతూ ఎవరైనా దుప్పటి తెచ్చుకుంటారు, తువ్వాలు తెచ్చుకుంటారు. అమ్మ ఆ పంచె ఎందుకు తెచ్చిందో నాకు అడగాల్సిన పని లేదు. ఈసారి కూతురి కాలు పరాయి గుడ్డలో మట్టిలోకి పోకూడదు. అమ్మ చేతులు దించి సంచి మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. బస్సు మలుపు తిరిగింది, సంచి వచ్చి నా మోకాలికి తగిలింది.

దిగిపోదామనుకున్నాను. ఆ కాలుతో దిగి ఎక్కడికి పోతాను? వేలూరు వచ్చేదాకా కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

ఆసుపత్రిలో చీటీ, వరుస, ఇంకో చీటీ, ఇంకో వరుస. మా చుట్టూ బెంగాలీ మాట్లాడేవాళ్ళు, హిందీ మాట్లాడేవాళ్ళు. ఎక్కడెక్కడి నుంచో మూడు రోజులు రైల్లో కూర్చుని వచ్చినవాళ్ళు. గంటన్నర దూరం నుంచి రావడానికి రెండు నెలలు పట్టిన మనిషిని నేనొక్కదాన్నే అయుంటాను.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. తమిళం మాట్లాడింది, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. రెండు పాదాలనూ కళ్ళతోనే చాలాసేపు చూసింది. ముట్టుకునే ముందు "ముట్టుకోనా?" అని అడిగింది. అలా అడిగిన మొదటి మనిషి ఆమె. తర్వాత పాదం పైన చల్లటి జిగురు పూసి, పెన్ను లాంటి పరికరం ఒకటి ఆనించింది. నేను మంచం అంచు పట్టుకుని అరుస్తూనే ఉన్నాను. ఉన్నట్టుండి గదిలో పెద్ద చప్పుడు వినబడింది. ఉష్, ఉష్, ఉష్. ఒకే తీరుగా, బలంగా.

"అది మీ కాల్లో రక్తం పరుగెత్తే చప్పుడు" అంది. కుడి పాదానికి పెట్టింది. అదే చప్పుడు.

"మగ్గం మాదిరే ఉండాదే" అన్నాడు మా ఆయన, పక్కనే నోరు తెరుచుకుని.

చక్కెర చూశారు, లేదు. మధ్యాహ్నం ఇంకో గదిలో స్కాను తీశారు. మళ్ళీ డాక్టరమ్మ ముందు కూర్చున్నప్పుడు సాయంత్రం నాలుగు. ఆమె నోరు తెరవకముందే నేను అడిగేశాను. తమిళం మరిచిపోయి తెలుగులో అడిగాను.

"కోసేస్తారా?"

ఆమెకు అర్థమైంది. "ఎవరు చెప్పారు కోస్తామని? ఇంట్లో ఎవరికైనా కోశారా?"

నాయన సంగతి చెప్పాను. ఆమె నన్ను వదిలేసి అమ్మ వైపు తిరిగింది. "ఆయన కాలు ముట్టుకుంటే ఇలా అరిచేవాడా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. తెలుగూ తమిళం కలిపి చెప్పింది. "లేదమ్మా. ఒక దినం ఇస్త్రీ పెట్టెలోంచి నిప్పు జారి ఆయన పాదం మింద పడింది. ఆయన బీడీ తాగతా కూసోనే ఉండాడు. వాసన వచ్చి నేను చూసినా. అప్పుడు గూడా, ఏమైందే అని నన్నే అడిగినాడు."

ఆ సంగతి నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"ఆయనకు నరాలు మొద్దుబారిపోయాయి. పెద్ద రక్తనాళాలే మూసుకుపోయాయి. నొప్పి తెలిసి ఉంటే ఆయన ముందే ఇక్కడికి వచ్చేవాడు" అంది డాక్టరమ్మ. తర్వాత నా వైపు తిరిగి, నాకు అర్థమయ్యేదాకా ఓపికగా చెప్పింది. నా కాల్లో పెద్ద కాలువ నిండుగా పారుతోంది, ఆ చప్పుడే మనం విన్నాం. అక్కడి నుంచి కండలోకీ చర్మంలోకీ పోయే కంటికి కనబడని సన్న దారులు బిగుసుకున్నాయి. దెబ్బ తగిలిన నరాలు, దెబ్బ మానినా ఇంకా ప్రమాదం ప్రమాదం అని అరుస్తూ ఆ దారులను బిగిస్తున్నాయి. రక్తం చేరకపోతే కండకు ప్రాణవాయువు అందదు. అది అందకపోతే నొప్పి. నొప్పి వస్తే ఇంకా బిగింపు. ఇంట్లో మిషను సంగతి కూడా అడిగాను, కాలు చల్లబడి ఉండడం వల్లే అది అంకె చూపించలేదట.

అంతా చెప్పి, నేను విప్పి బల్ల మీద పెట్టిన లుంగీ పట్టీని రెండు వేళ్ళతో ఎత్తింది. "దీన్ని ఎన్నాళ్ళు కట్టారు?"

రెండు నెలలు, కాలు ఒక్కసారి కూడా కింద పెట్టలేదు అని చెప్పాను. అప్పటికీ నా గొంతులో కొంచెం గొప్ప ఉంది, ఒప్పుకోవాలి.

ఆమె పట్టీ కింద పెట్టింది. "కదలని కాలికి రక్తం దేనికి వస్తుందమ్మా? పిక్క కండ కదిలితేనే రక్తం పైకి కిందికి పోతుంది. మీరు దాన్ని కాపాడాలని కట్టారు. కానీ అదే దాని ఊపిరి ఆపింది."

నాకు ఏడుపు వచ్చింది. నా కాలి గొంతు నేనే నొక్కాను, రోజూ పొద్దున్నే, కొంచెం కొంచెం గట్టిగా. అందులోనూ నాయన ఓర్పు నాకూ ఉందని మురిసిపోతూ. ముప్పై ఏళ్ళుగా నేను మొక్కిన ఆ ఓర్పు అసలు ఓర్పే కాదు. ఆయనకు తెలియలేదంతే. నాయన మీద జాలి, నా మీద కోపం, రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఈ నొప్పి అబద్ధం కాదు. కానీ నొప్పి పుట్టినప్పుడల్లా కాలు చస్తోందని అనుకోవద్దు" అంది డాక్టరమ్మ. తగ్గిపోతుందని మాత్రం ఒట్టు వెయ్యలేదు. ఇలాగే వదిలేస్తే కీళ్ళు బిగుసుకుపోతాయి, పుండ్లు పడతాయి, అప్పుడు నేనేమీ మాట ఇవ్వలేను అంది. నెలలు పడుతుంది, ఏడాది కూడా పట్టొచ్చు. మాత్రలు రాసిచ్చి, వ్యాయామం నేర్పే గదికి పంపింది.

అక్కడ వ్యాయామం నేర్పే అమ్మాయి, నా కాలికి ముందు స్పర్శ మళ్ళీ అలవాటు చేయాలని చెప్పింది. మెత్తటి బట్టతో మొదలుపెట్టి, రోజులు గడిచేకొద్దీ గరుకు బట్టకు రావాలి. నూలు, తర్వాత లుంగీ, తర్వాత తువ్వాలు, చివరికి గోనె. నేత ఇంట్లో పుట్టినదానికి బట్టతోనే వైద్యం. వేరే రోజు అయితే నవ్వేదాన్ని.

"బాగా ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు బట్ట ఏదైనా ఉందా?" అని అడిగింది ఆ అమ్మాయి.

నేను అమ్మను చూశాను. అమ్మ సంచిని చూస్తోంది. కాసేపటికి చెయ్యి లోపల పెట్టి పంచె తీసింది. మా ఆయనకు అది ఎందుకు వచ్చిందో తెలియదు, "అత్తా, బలే పని చేసినావే" అన్నాడు. అమ్మ మడత విప్పి, పళ్ళతో అంచు కొరికి, రెండు చేతులతో బర్రున చించింది. ఆ ముక్క నాకిచ్చి, మిగతాది మడిచి సంచిలో పెట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "దాన్ని ఎందుకు తెచ్చినావమ్మా?"

"నీకు తెలుసు గదా. ఎందుకడగతావు?" అంది, కిటికీ బయటికి చూస్తూ.

ఇంటికి వచ్చాక మొదలైంది అసలు భయం. పంచె ముక్కతో పది లెక్కపెట్టేదాకా పాదం మీద రాయాలి. మూడుకే అరిచేసేదాన్ని. అద్దం ముందు పెట్టి కుడి పాదం ఆడిస్తూ, అద్దంలో కనబడేదే ఎడమ పాదం అనుకోవాలి. వేళ్ళు ముడవాలి, చాపాలి, నేల మీద ఆనించాలి. ప్రతిసారీ నొప్పి పుట్టగానే రంగు చూసుకునేదాన్ని. డాక్టరమ్మ మాట బుర్రకు ఎక్కింది, గుండెకు ఎక్కలేదు. స్కాను తప్పు అయితే? ఆ మిషను చప్పుడు నాది కాక ఇంకెవరిదో అయితే? కొన్ని రోజులు వెచ్చగా, ఎర్రగా ఉండేది. మర్నాడు మళ్ళీ నేరేడు రంగు. ఎర్రబడిన రోజు పండగ, నీలమైన రోజు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడడానికి సాహసించేవాళ్ళు కాదు.

మూడో నెలలో ఆసుపత్రివాళ్ళు మగ్గం మీద కూర్చోమన్నారు. గుంటలోకి కాళ్ళు వేలాడేసి కూర్చున్నాను. అయిదు నిమిషాలకే ఎడమ పాదం ముదురు రంగుకు తిరిగింది, గుంట చీకటిలో నల్లగానే కనబడింది. నల్లగా. పైకి లాక్కుని, గోడకు ఆనుకుని, నాలుగు రోజులు మళ్ళీ మంచం దిగలేదు. మళ్ళీ సాక్సులు తొడిగాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, లుంగీ పట్టీ కూడా చేతిలోకి తీసుకున్నాను.

మా ఆయన పోయి అమ్మను పిలుచుకొచ్చాడు. అమ్మ నన్ను తిట్టలేదు. సాక్సులు తనే తీసింది. నన్ను లేపి, మగ్గం దగ్గరికి నడిపించి, గుంట అంచున కూర్చోబెట్టింది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఆ గుంటలోకి దిగింది. దిగి తొక్కుడు పలకల పక్కన ముడుచుకుని కూర్చుంది. నా ఎడమ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తొక్కుడు పలక మీద పెట్టింది.

"తొక్కు" అంది.

తొక్కాను. మంట మోకాలిదాకా ఎగబాకింది. పళ్ళు బిగించి, ముఖం పక్కకు తిప్పుకుని, నోరు మూసుకున్నాను. అలవాటు.

గుంటలోంచి అమ్మ తల ఎత్తి చూసింది. "నోరెందుకు మూస్తావు? గట్టిగా అరువు. ఈదంతా ఇననీ. మీ నాయన ఒక్కసారి అరిచింటే ఆ కాలు నిలిచుండును."

అరిచాను. పక్కింటివాళ్ళు వాకిట్లోకి వచ్చారట, తర్వాత చెప్పారు. అరుస్తూ తొక్కాను. పడుగు విడిపోయింది. మా ఆయన తన మగ్గం వదిలేసి వచ్చి, నా చేతులు పనిచేయడం లేదని, తనే నాడెను ఆ సందులోకి విసిరాడు. మళ్ళీ తొక్కాను, మళ్ళీ అరిచాను. అమ్మ కింద కూర్చుని, ఒక చేత్తో నా పాదం పట్టుకుని, ఇంకో చేత్తో ముఖం తుడుచుకుంటోంది. ఎన్ని పోగులు పడ్డాయో నేను చూడలేదు. "వెచ్చగా వస్తా ఉండాది" అని కిందనుంచి ఆమె గొంతు వినబడింది.

ఇది జరిగి ఏడాదిన్నర. చలి పెరిగితే కాలు ఇంకా మొండికేస్తుంది, ఒక్కోరోజు నీలం తిరుగుతుంది. రోజుకు రెండు గంటలకంటే నేయలేను. పంచె ముక్క నా మంచం తలాపునే ఉంటుంది. మిగతా ముక్కను అమ్మ ఉతికి తన పెట్టెలో పెట్టుకుందేమో అనుకున్నాను. మొన్న ఆమె ఇంటికి పోతే, దాన్ని వంటింట్లో గిన్నెలు దించే మసిగుడ్డగా వాడుతోంది.

"నాయన పంచె కదమ్మా" అన్నాను.

"దాంతో ఇంగేం పని నాకు?" అంది అమ్మ, అన్నం గిన్నె దించుతూ.